ఎడిసన్ నుంచి ఆపిల్ తోటకి: అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్తే ఎలా ఉంటుంది?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, నాలుగేళ్ళు, ఏడేళ్ళ పిల్లలున్నారు, ఫాల్‌లో (ఆకురాలే కాలంలో) కాయలు మనమే కోసుకునే ఆపిల్ తోటకి తీసుకెళ్తే పెద్దవాళ్ళకి బోర్ కొడుతుందా, ఎప్పుడు వెళ్ళాలి అని మీరు అడిగారు. మేమూ న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో ఉంటాం. ఏటా వెళ్తాం. అమ్మానాన్నలతో రెండుసార్లు వెళ్ళాం.

తప్పకుండా తీసుకెళ్ళండి. కానీ అక్టోబర్ వీకెండ్ మధ్యాహ్నం మాత్రం వద్దు. మొదటిసారి మేం చేసిన పొరపాటు అదే. పార్కింగ్‌కే ముప్పావుగంట పట్టింది. పిల్లల చేతికందే కొమ్మలన్నీ అప్పటికే ఖాళీ, కాయలు చెట్టు చివర్లో మాత్రమే ఉన్నాయి. చిన్నవాడు ఏడుపు, నాన్నకి ఎండలో నిలబడి నీరసం. రెండోసారి బుధవారం సెలవు పెట్టి, గేటు తీసే టైమ్‌కే వెళ్ళాం. అదే సీజన్, కానీ పూర్తిగా వేరే అనుభవం.

నాన్నకి జగిత్యాల దగ్గర మామిడి తోట ఉండేది. దిగగానే "చిక్కం ఏదిరా?" అని మా ఆయన్ని అడిగారు. చిక్కం అంటే ఎత్తులో ఉన్న కాయలు కోయడానికి వల కట్టిన కర్ర. చెట్లేమో ఆయన తలకన్నా కొంచెమే ఎత్తు. ఇంత చిన్న చెట్టుకి ఇన్ని కాయలా అని చుట్టూ తిరిగి, కిందికి వంగి, మొదలు దగ్గర మట్టికి జానెడు పైన ఉన్న బుడిపె మీద వేలు పెట్టి చూపించారు. "ఇది అంటు." నిజమే. చెట్టు ఎత్తు పెరగకుండా ఉండే రకం వేరు మీద మంచి ఆపిల్ కొమ్మని అంటు కడతారు. అందుకే నాలుగేళ్ళ పిల్లాడు కూడా కాయ కోయగలడు. ఆ తర్వాత రెండు గంటలు ఆయన్ని తోటలోంచి బయటికి తేలేకపోయాం. మనవడికి కోయడం కూడా ఆయనే నేర్పారు. కాయని లాగకూడదు. అరచేతిలో పట్టుకుని, కొంచెం పైకెత్తి తిప్పితే తొడిమతో సహా వచ్చేస్తుంది. లాగితే కాయతోపాటు పొట్టి రెమ్మ కూడా ఊడుతుంది, వచ్చే ఏడాది పూత రావాల్సింది దాని మీదే. ఇంకో సంగతి, ఎర్రగా ఉంటే పండినట్టు కాదు. ఎరుపు లేని చోట ఆకుపచ్చ పోయి పసుపు తిరిగిందా అని చూడండి. అనుమానముంటే ఒకటి కోసి చూస్తే, గింజలు గోధుమరంగులో ఉండాలి.

ఎప్పుడు అంటే, ఏ రకం కావాలో దాన్ని బట్టి. గాలా, మెకింటోష్, హనీక్రిస్ప్ సెప్టెంబర్‌లో దొరుకుతాయి. గోల్డెన్ డెలీషియస్ లాంటివి ఆ తర్వాత. ఫుజీ, గ్రానీ స్మిత్ కావాలంటే అక్టోబర్ మధ్యదాకా ఆగాలి. గుమ్మడికాయలు కూడా కావాలంటే అక్టోబర్ మొదటివారం మంచిది. వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది కాబట్టి, బయల్దేరేముందు ఆ రోజు ఏ రకం కోయనిస్తున్నారో వెబ్‌సైట్‌లో చూసుకోండి. ప్రిన్స్‌టన్ దగ్గర టెర్హ్యూన్ ఆర్చర్డ్స్, ఫ్రీహోల్డ్‌లో బ్యాటిల్‌వ్యూ ఆర్చర్డ్స్, రెండూ మనకి దగ్గరే.

హే రైడ్ అంటే ట్రాక్టర్ వెనక ట్రాలీలో గడ్డి మోపుల మీద కూర్చోబెట్టి తిప్పుతారు. పిల్లలకి పండగే. కానీ మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కగలరో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మా అమ్మకి మాత్రం ఆపిల్స్ కన్నా పూల మడి నచ్చింది. కొన్ని తోటల్లో సెప్టెంబర్, అక్టోబర్‌లలో పూలు కూడా మనమే కోసుకోవచ్చు. కత్తెర, కప్పు ఇస్తారు. జినియాలు, బంతిపూల మధ్య ఎర్రటి కంకులు నిలబడి ఉన్నాయి. బోర్డు మీద 'సెలోషియా' అని ఉంది. అమ్మ ఒక కంకిని వేళ్ళ మధ్య నలిపి, అరచేతిలో రాలిన నల్లటి సన్న గింజలు నాకు చూపించింది. "ఇది గునుగే గదా బిడ్డా, రంగే వేరు!" అంది. అవును, గునుగు కూడా సెలోషియానే. ఆ వారమే సద్దుల బతుకమ్మ. తంగేడు దొరక్కపోయినా ఎర్ర గునుగు, బంతిపూలతో మా అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ పేర్చింది. ఇక్కడికొచ్చిన రెండు నెలల్లో అమ్మ అంత సంతోషంగా ఉండడం అదే మొదటిసారి చూశాను. మీ అమ్మగారు కూడా బతుకమ్మ ఆడేవారైతే, పూలు కోయనిచ్చే తోట ఏదో కనుక్కుని అక్కడికే వెళ్ళండి.

జాగ్రత్తలు చెప్పాలి. రాలిన పళ్ళ దగ్గర పసుపు చారల కందిరీగలు తిరుగుతుంటాయి. మా చిన్నవాణ్ణి ఒకటి చేతిమీద కుట్టింది. చెప్పులు కాకుండా బూట్లు వేయండి, సైడర్ (ఆపిల్ రసం) గ్లాసు మూత లేకుండా పిల్లల చేతికివ్వకండి. గడ్డిలో టిక్స్ (పిడుదు పురుగులు) ఉంటాయి, లైమ్ అనే జబ్బు వాటివల్లే వస్తుంది. నిండు ప్యాంట్లు వేసి, ఇంటికొచ్చాక చెవుల వెనక, మోకాళ్ళ వెనక చూడండి. ఇక్కడ సైడర్ అంటే మామూలు ఆపిల్ రసమే, మత్తు ఉండేదాన్ని హార్డ్ సైడర్ అంటారు. పెద్దవాళ్ళకి, పిల్లలకి పాశ్చరైజ్ చేసిందే తీసుకోండి. మీవాళ్ళు గుడ్డు తినకపోతే సైడర్ డోనట్స్ కొనేముందు అడగండి, మామూలుగా అందులో గుడ్డు ఉంటుంది. మేమైతే పులిహోర తీసుకెళ్ళి కారు దగ్గర తిన్నాం.

సంచి చిన్నదే కొనండి. పెక్ అంటే పది పౌండ్ల పైన ఉంటుంది, ఒక ఇంటికి అది చాలు. మొదటిసారి హాఫ్ బుషెల్, అంటే ఇరవై పౌండ్లు తెచ్చి వంటింట్లో బయటే ఉంచేస్తే సగం మెత్తబడిపోయాయి. దెబ్బ తగిలినవి వేరుచేసి ముందు తినేయండి. మిగతావి కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి, కానీ కొత్తిమీర, ఆకుకూరలకి దూరంగా. ఆపిల్స్ నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి ఆకులు పసుపుపచ్చగా అయిపోతాయి. గ్రానీ స్మిత్ దొరికితే నాలుగు ఎక్కువే కోయండి. పచ్చిమామిడి బదులు తురిమి పులిహోరలో వేస్తే పులుపు సరిగ్గా సరిపోతుంది, మా నాన్న రెండోసారి వడ్డించుకున్నారు.