విండో వేరైనా ఎక్సెల్ ఒకటే

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను సార్. రోజంతా ఎక్సెల్‌లో రెండు ఫైళ్లు తెరిచే ఉంటాయి. ఒకదాంట్లో ఆ రోజు వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా, ధర. రెండోదాంట్లో మూడేళ్ల రైతుల ఖాతాలు. మొన్న ఖాతాల ఫైల్లో ఫిల్టర్ పెట్టగానే అంతా బిగుసుకుపోయింది. ఎంతసేపటికీ కదలక మూసేస్తే రెండు ఫైళ్లూ పోయాయి. అరవై లాట్లు కాటా చీటీలు చూసి మళ్లీ కొట్టాను. రెండూ వేర్వేరు విండోల్లోనే ఉన్నాయి కదా, ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రైతులు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం ఎదురుగా నిలబడి ఉండగా అరవై లాట్లు మళ్లీ కొట్టడం ఎంత టెన్షనో నాకు తెలుసమ్మా. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆడిట్ ఆఫీసులో చాలా ఏళ్లు లెక్కలు చూశాను. అప్పుడు మాది ఎక్సెల్ 2007. ఫైళ్లన్నీ ఒకే పెద్ద విండోలో ఉండేవి. కుడివైపు పైన ఒక ఇంటూ గుర్తు, దాని కింద మరొకటి. కిందది ఆ ఫైలును మాత్రమే మూస్తుంది, పైది మొత్తాన్నీ మూసేస్తుంది. ఒక మార్చి నెలాఖరున, రాత్రి తొమ్మిదింటికి, పైది నొక్కాను. సేవ్ చేయాలా అని అడిగింది. పాత ఫైలు గురించి అడుగుతోందనుకుని ‘నో’ అన్నాను. మధ్యాహ్నం నుంచి కొట్టిన స్టాకు పట్టిక పోయింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు.

ఎక్సెల్ 2013 నుంచి ఒక్కో ఫైలు సొంత విండోలో తెరుచుకుంటోంది. పొరపాటున అన్నీ మూసే ప్రమాదం చాలావరకు తగ్గింది. కానీ మీరు గమనించాల్సింది ఇక్కడే. విండోలు రెండైనా వాటి వెనక నడుస్తున్న ఎక్సెల్ ఒక్కటే. ఒకే మోటారు మీద రెండు పొలాలకు నీళ్లు పెట్టినట్టు. ఖాతాల ఫైలు దాన్ని ఆపేస్తే టిక్కీల ఫైలూ ఆగిపోతుంది. కంట్రోల్ జెడ్ కూడా రెండింటికీ ఉమ్మడే: ఒక ఫైల్లో ఉండి వరసగా నొక్కితే రెండోదాంట్లో చేసిన మార్పులు వెనక్కి పోతాయి. చాలామంది ఇది చూసుకోరు, సాయంత్రం కాటా మొత్తం తేడా వచ్చాక వెతుక్కుంటారు.

కాబట్టి మీకు కావలసింది రెండో ఎక్సెల్. ఒకటి తెరిచి ఉండగానే, కింద టాస్క్‌బార్‌లో ఎక్సెల్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, కీబోర్డు మీద ఆల్ట్ పట్టుకుని, వచ్చిన జాబితాలో ఎక్సెల్ అన్న పేరు నొక్కండి. వేలు తీయకండి. కొత్తగా ఇంకో ఎక్సెల్ మొదలుపెట్టాలా అని అడుగుతుంది, అప్పుడు వదిలి ‘ఎస్’ అనండి. లేదా విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఎక్సెల్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత (/), వెంటనే ఎక్స్ అక్షరం (x) చేర్చి ఎంటర్ కొట్టండి. ఖాతాల ఫైలును ఈ కొత్తదాంట్లో కంట్రోల్ ఓ నొక్కి తెరవాలి. ఫోల్డర్లోంచి డబుల్ క్లిక్ చేస్తే పాతదాంట్లోకే పోయి చేరవచ్చు.

ఇలా విడదీస్తే కొంత సౌకర్యం పోతుంది. ఒక ఫైల్లో ఫార్ములా రాస్తూ రెండోదాంట్లో గడి మీద క్లిక్ చేస్తే అందదు. కాపీ చేసి పెడితే అంకెలొస్తాయి గానీ ఫార్ములాలు రావు. మీకు ఖాతా నంబరు చూసుకోవడమే పని కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. రెండు ఫైళ్లూ ఫార్ములాలతో ముడిపడి ఉన్నవాళ్లకు మాత్రం నేను ఈ పద్ధతి చెప్పను.

విడదీయడం వల్ల ఒక ఫైలు దెబ్బ రెండోదానికి తగలదు, అంతే. కరెంటు పోతే రెండూ పోతాయి. అందుకని లాటు కొట్టిన వెంటనే కంట్రోల్ ఎస్ నొక్కండి. పెద్ద ఫైల్లో ఫిల్టర్ పెట్టేముందు తప్పనిసరిగా నొక్కండి.

ఇంకొకటి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్తే ఆటో రికవర్ నిమిషాలు, అంటే ఎక్సెల్ తనంతట తానే ఎన్ని నిమిషాలకోసారి కాపీ దాచుకుంటుందో, కనిపిస్తాయి. మామూలుగా పది ఉంటుంది. సీజన్లో పది నిమిషాలంటే మీకు ఎన్ని లాట్లో మీకే తెలుసు, దాన్ని రెండు చేయండి. ఈసారి బిగుసుకుపోయి మూతపడితే, మళ్లీ తెరిచినప్పుడు ఎడమవైపు రికవరీ జాబితా వస్తుంది. కంగారులో దాన్ని మూసేయకుండా అందులో ఉన్న ఫైలు తెరిచి, చివరి లాట్ నంబరు చీటీతో సరిచూసుకుని, వెంటనే సేవ్ చేయండి.