క్లబ్‌కార్డ్ వోచర్ విలువ తగ్గింది, కాఫీ ఫ్రీ అయింది, మా సరుకుల బిల్లు మాత్రం పెరుగుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: మేం యూకేలో రీడింగ్‌లో ఉంటాం అండీ. ఇద్దరం జాబ్ చేస్తాం, మూడేళ్ళ బాబు. వారానికి టెస్కో సూపర్‌మార్కెట్‌లో ఓ 90 పౌండ్లు అవుతుంది, బియ్యం పప్పులు మాత్రం ఇండియన్ షాపులో తెచ్చుకుంటాం. ఇంతకుముందు టెస్కో పాయింట్ల కార్డు క్లబ్‌కార్డ్ మీద వచ్చే వోచర్లని మూడింతల విలువకి మార్చుకుని రెస్టారెంట్‌కీ జూకీ వాడేవాళ్ళం, అది రెండింతలకి తగ్గించాక ఇంట్రెస్ట్ పోయింది, 60 పౌండ్ల వోచర్లు యాప్‌లో అలాగే పడున్నాయి. ఈలోగా వెయిట్రోజ్ అనే ఇంకో సూపర్‌మార్కెట్‌లో వాళ్ళ కార్డుంటే ఏమీ కొనకపోయినా కాఫీ ఫ్రీ అన్నారు కదా, బాబుని నర్సరీలో దింపి రోజూ అటు వెళ్ళడం అలవాటైంది. ఆ ఫ్రీ కాఫీయే మన కొంప ముంచుతోంది, ఈ కార్డులన్నీ పారేసి చవక సూపర్‌మార్కెట్ ఆల్డీకి పోదాం అంటారు మావారు. నిజంగా అంత అవసరమా?

జవాబు: మీవారు చెప్పినదాంట్లో సగం కరెక్టే అమ్మా, కానీ ఆ సగం క్లబ్‌కార్డ్ గురించి కాదు. ముందు మీకు బాధ కలిగించిన విషయం లెక్కేద్దాం, ఎందుకంటే చాలామంది లెక్క వేయకుండానే బాధపడతారు.

వారానికి 90 అంటే ఏడాదికి 4,680 పౌండ్లు. పౌండుకో పాయింటు, పాయింటుకో పెన్నీ, అంటే ఏడాది మొత్తానికి 46 పౌండ్ల 80 పెన్నీల వోచర్లు. మూడింతలు ఇచ్చే రోజుల్లో ఇది బయట వాడుకుంటే 140 పౌండ్ల పైన పలికేది, 2023 జూన్‌లో రెండింతలు చేశాక 93 దగ్గర ఆగింది. తేడా ఏడాదికి 47 పౌండ్లు కూడా లేదు, నెలకి నాలుగు పౌండ్ల లోపే. అది కూడా మీరు రెస్టారెంట్‌కీ జూకీ ఎలాగూ వెళ్ళేవాళ్ళయితేనే. వోచర్ ఉంది కదా అని వెళ్ళి, పిజ్జా వోచర్‌లో పోయి డ్రింకులూ డెజర్టూ పార్కింగూ చేతి డబ్బు పెట్టుకున్న రోజులుంటే, ఆ మూడింతల కాలంలోనే మీకు ఎక్కువ ఖర్చు అయ్యుంటుంది.

ఇలా తగ్గించడం కొత్తేం కాదు లెండి. 2015లో నెక్టార్ అనే పాయింట్ల కార్డు వాళ్ళు సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్‌లో పౌండుకి రెండు పాయింట్లు ఇచ్చేది ఒకటి చేశారు, ఒక్క దెబ్బతో సగం. 2018 జనవరిలో టెస్కో కూడా రివార్డుల విలువ ఉన్నట్టుండి మార్చేస్తే, దాచుకున్న వోచర్లతో ట్రిప్పులు ప్లాన్ చేసుకున్నవాళ్ళు గోల గోల చేశారు, అప్పుడు జూన్ దాకా వాయిదా వేశారు. 2023లో మందులూ కాస్మెటిక్సూ అమ్మే బూట్స్ వాళ్ళు పౌండుకి నాలుగు పాయింట్లని మూడు చేశారు. మీ పాయింట్లు వాళ్ళ పుస్తకాల్లో మీకు బాకీ ఉన్న లెక్క, కానీ ఆ బాకీ ఎంతకి తీర్చాలో వాళ్ళే రాసుకుంటారు, మన సంతకం అక్కర్లేదు. అందుకే నేను పాయింట్లని సేవింగ్స్ అనుకోవద్దంటాను, వడ్డీ రాదు, ధరలు పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది, మధ్యలో రూల్ మారుతుంది. ఏ బ్యాంకన్నా ఇలాంటి డిపాజిట్ స్కీమ్ పెడితే మనం ఆ గుమ్మం తొక్కుతామా?

అసలు మార్పు పాయింట్లలో కాదు, ధరల్లో జరిగింది. 2019లో టెస్కో క్లబ్‌కార్డ్ ప్రైసెస్, అంటే కార్డున్నవాళ్ళకే తక్కువ ధర, మొదలుపెట్టింది, 2023 ఏప్రిల్‌లో సెయిన్స్‌బరీస్ అలాగే నెక్టార్ ప్రైసెస్ తెచ్చింది. అంతకుముందు కార్డు ఉంటే తర్వాతెప్పుడో కొంత కొసరు వచ్చేది, ఇప్పుడు కార్డు లేకపోతే అక్కడికక్కడే ఎక్కువ కట్టాలి. మన అలవాటు మీద దీని ప్రభావం చాలా ఎక్కువ. పాయింట్లు పట్టించుకోనివాళ్ళు కూడా టిల్ దగ్గర ఫోన్ తీసి స్కాన్ చేయక తప్పదు, చేసిన ప్రతిసారీ మీరేం కొన్నారు, ఏ రోజు కొన్నారు, ఏది మానేశారు అన్నీ వాళ్ళకి వెళ్తాయి. 1995లో క్లబ్‌కార్డ్ పెట్టేముందు ట్రయల్ డేటా చూసి అప్పటి టెస్కో చైర్మన్ ఇయాన్ మెక్‌లారిన్, నా కస్టమర్ల గురించి 30 ఏళ్ళలో నాకు తెలియంది మీకు మూడు నెలల్లో తెలిసిపోయిందే, ఇది నన్ను భయపెడుతోంది అన్నారట ఆ డేటా చూపించిన డన్‌హంబీ అనే డేటా కంపెనీ వాళ్ళతో. ఆయనకే భయం వేసిందంటే ఇక మనమెంత.

మరి షెల్ఫ్ మీద కార్డు ధర చూపించే ఆ పసుపు లేబుల్ మోసమా అంటే, కాదు. చాలామందికి ఈ అనుమానం ఉంది, మామూలు ధర కావాలని పెంచేసి కార్డు ధర తక్కువగా చూపిస్తున్నారని. ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ 2024 నవంబర్‌లో ఇచ్చిన రిపోర్టులో, వాళ్ళు సర్వే చేసినవాళ్ళలో 55 శాతం మంది ఇదే అనుకుంటున్నారని తేలింది. కానీ అదే సంస్థ ఓ 50,000 సరుకుల ధరలు చూస్తే 92 శాతం ఆఫర్లలో తగ్గింపు నిజమైనదే, వాళ్ళు చూసిన ఐదు సూపర్‌మార్కెట్లలో సగటున 17 నుంచి 25 శాతం దాకా మిగులుతుంది. కాబట్టి కార్డు పారేయడం తెలివైన పని కాదని మీవారికి చెప్పండి, పారేస్తే అదే బుట్టకి ఎక్కువ కడతారు అంతే. అయితే ఈ కార్డు ధరే అన్నిటికన్నా తక్కువ ధర అనుకోవద్దు, బయట కూడా చూసుకోండి అని కూడా సీఎంఏ చెప్పింది, మన డబ్బు జారిపోయేది అక్కడే.

షెల్ఫ్ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. పెద్దక్షరాల్లో క్లబ్‌కార్డ్ ధర, పక్కన చిన్నగా మామూలు ధర, ఇంకా చిన్నగా ఓ మూల కిలోకి ఎంత, లీటర్‌కి ఎంత, వాష్‌కి ఎంత అని ఉంటుంది. చూడాల్సింది ఆ మూలనే. క్లబ్‌కార్డ్ ధరకి ఆ యూనిట్ ప్రైస్ వేయట్లేదని వినియోగదారుల సంస్థ విచ్ 2023లో టెస్కో మీద సీఎంఏకి కంప్లైంట్ కూడా ఇచ్చింది. బట్టల లిక్విడ్ సంగతే తీసుకుందాం, అంకెలు ఊరికే ఉదాహరణకి. బ్రాండ్ బాటిల్ 9 పౌండ్లు, కార్డుతో 6.50. కింది షెల్ఫ్‌లో టెస్కో సొంత బాటిల్, అన్నే వాష్‌లకి 4 పౌండ్లు, దానికి పసుపు లేబుల్ ఏమీ లేదు. మీరు బ్రాండ్ తీసుకుంటే రసీదు కింద 2.50 సేవ్ చేశారు అని వస్తుంది, నిజానికి మీరు 2.50 ఎక్కువ పెట్టారు. ఇలాంటివి వారానికి రెండు పడితే 5 పౌండ్లు, ఏడాదికి 260. పాయింట్లు తగ్గినందుకు మీరు పోగొట్టుకున్నది 47 పౌండ్లు అని ఇందాకే అనుకున్నాం.

ఇక కాఫీ. వెయిట్రోజ్ వాళ్ళు 2013లో కార్డున్నవాళ్ళకి ఫ్రీ కాఫీ మొదలుపెట్టారు, జనం ఊరికే తాగిపోతున్నారని 2017లో ఏదైనా కొంటేనే అన్నారు, కోవిడ్‌లో ఆపేశారు, 2022లో కొంటేనే అనే షరతుతో మళ్ళీ తెచ్చారు, 2025 జనవరిలో ఆ షరతు తీసేశారు. కొంటేనే కాఫీ అన్న రోజుల్లో మనవాళ్ళు ఏం చేసేవాళ్ళో గుర్తుందా, ఒక్క అరటిపండు స్కాన్ చేసి కప్పు నింపుకునేవాళ్ళు, అంతటితో అయిపోయేది. ఇప్పుడు ఏమీ కొనక్కర్లేదు అనేసరికి మనకి మొహమాటం మొదలైంది, రోజూ వచ్చి ఊరికే తాగి వెళ్తే బాగోదేమో అని ఓ సావర్‌డో బ్రెడ్, బాబుకి బెర్రీస్, సాయంత్రానికి ఓ రెడీ కర్రీ. వాళ్ళు ఊరికే ఆ షరతు తీసేశారనుకుంటున్నారా? మీరు డోర్ దాటి లోపలికి రావడమే వాళ్ళకి కావాల్సింది.

మీరు చేయాల్సిన పని చిన్నదే. బ్యాంక్ యాప్‌లో వెయిట్రోజ్ అని సెర్చ్ చేసి పోయిన నెలలో నర్సరీ టైమ్‌లో పడిన చిన్న చిన్న బిల్లులు కూడండి. రోజుకి 4 పౌండ్ల చొప్పున వారానికి ఐదు రోజులు అయినా నెలకి 86 పౌండ్ల పైన తేలుతుంది. ఆ అంకె ఎంతుందో మీరిద్దరూ కూర్చుని చూశాక మిగతా గొడవ దానంతటదే సర్దుకుంటుంది. కాఫీ మాత్రం మానక్కర్లేదు, మీ కప్పు మీరు తీసుకెళ్ళి నింపుకుని నేరుగా బయటికి రండి, బాస్కెట్ ముట్టుకోకండి, వాళ్ళ రూలే అలా ఉన్నప్పుడు సిగ్గుపడాల్సిందేముంది. పర్సు కార్లో వదిలేసి వెళ్ళండి అని చెబుదామనుకున్నా గానీ కాఫీకి స్కాన్ చేసేదీ ఫోనే, డబ్బు కట్టేదీ ఫోనే, అదో చిక్కు.

ఆల్డీ విషయానికొస్తే, అది మన హైదరాబాద్ డీమార్ట్ లాంటిది, కార్డు లేదు, పాయింట్లు లేవు, ధరే తక్కువ. నాకు ఆ పద్ధతంటే ఇష్టమే, ఆలోచించాల్సింది తక్కువ ఉంటుంది. కానీ అక్కడ మధ్య వరసలో పెట్టే స్పెషల్‌బయ్స్ సంగతి తెలిసిందేగా, పాలకని వెళ్ళి డ్రిల్లింగ్ మెషీన్‌తో వచ్చేవాళ్ళున్నారు, ఎక్కువగా మీవారి లాంటివాళ్ళే. పైగా కొన్ని సరుకులకి టెస్కో 2020 నుంచే ఆల్డీ ప్రైస్ మ్యాచ్, అంటే ఆల్డీ ధరే, ఇస్తోంది, పాలు, గుడ్లు, కూరగాయల్లాంటి రోజువారీ వాటి దగ్గర ఆ గుర్తు వెతికి అవే తీసుకుంటే సగం ఆల్డీ మీ టెస్కోలోనే ఉన్నట్టు. ఓ నెల పాటు ఒకే లిస్టుతో రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ కొని మొత్తం బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి, పెట్రోలు, టైమ్ కూడా కలిపి. వారానికి పది పౌండ్లకి పైగా తేడా వస్తే మారండి, రెండు మూడు పౌండ్లకయితే నేను మారను. బియ్యం పప్పులు ఇండియన్ షాపులోనే కానివ్వండి, పెద్ద బస్తా మీద కిలో ధర అక్కడే నయం ఉంటుంది చాలాసార్లు.

ఒకటి అడుగుతా ఏమనుకోకండి, ఇద్దరి ఆఫీసుల్లోనూ పెన్షన్‌కి ఎంప్లాయర్ ఎంతవరకు మ్యాచ్ చేస్తారో చూశారా? పాయింట్లన్నీ నోటికి చెప్పేవాళ్ళు నా దగ్గరకొచ్చినప్పుడు ఇదడిగితే హెచ్ఆర్‌ని అడగాలండీ అంటారు. పౌండుకి పౌండు కలిపే ఎంప్లాయర్ దొరికితే ఏ సూపర్‌మార్కెట్ కార్డూ దాని దరిదాపుల్లోకి రాదు. చిన్న బిల్లుల్లోంచి మిగిలేది ముందు అటు మళ్ళించండి, అక్కడ మ్యాచ్ పూర్తిగా వాడేసుంటే బాబు పేరు మీద జూనియర్ ఐఎస్ఏలో, అంటే పిల్లల కోసం పన్ను లేకుండా దాచే ఖాతాలో, వేయండి.

యాప్‌లో ఉన్న 60 పౌండ్ల వోచర్లకి రెండేళ్ళే గడువు, ఒక్కోదానికీ ఒక్కో డేట్ ఉంటుంది, ఈ రోజే తెరిచి చూడండి. వచ్చే మూడు నెలల్లో ఎలాగూ వెళ్దామనుకున్న రెస్టారెంటో జూ టికెట్టో పార్ట్‌నర్స్ లిస్టులో ఉంటే వాటిని అక్కడికే మార్చుకోండి, 60 కాస్తా 120 అవుతుంది. అలాంటి ప్లాన్ లేకపోతే కొత్తగా పెట్టుకోవద్దు, శనివారం టెస్కో బిల్లులోనే కొట్టించేయండి, గడువు దగ్గరపడ్డవి ముందు.