ఒక చేత కట్టె, ఒక చేత కార్జం వద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులకు పోయే రోడ్డు మీదే ఇల్లు. మా రాకీ నాటు కుక్క, రెండేళ్లుంటాయి. బైకు చప్పుడు వినబడితే చాలు, గొలుసు తెంపుకునేలా ఎగబడుతుంది. మేం అన్నానికి కూర్చున్నా ఒకటే మొరుగుడు. నేను బిస్కెట్ ఇస్తాను, అమ్మ పట్టించుకోవద్దంటుంది, బాపు కట్టె తీస్తాడు. మూడూ చేశాం, ఏదీ పనిచేయలేదు. ఏ పద్ధతి మంచిది?

జవాబు: పద్ధతులు కలపడం తప్పు కాదు, నేనైతే కలపమనే చెబుతాను, కానీ కట్టెను మాత్రం అందులోంచి తీసేయండి. నిన్న బిస్కెట్ పెట్టిన ఇంట్లోనే ఇవాళ దెబ్బ పడితే ఏం చేస్తే మంచిదో దానికి ఎలా తెలుస్తుంది?

మీ రాకీవి రెండు వేర్వేరు మొరుగుళ్లు. అన్నం దగ్గరిది అడగడం. దీనికి అమ్మ చెప్పిందే సరైనది, కాకపోతే ఇంట్లో అందరూ పాటించాలి. మొదటి కొన్ని రోజులు ఇంకా గట్టిగా మొరుగుతుంది, అప్పుడే ఎవరో ఒకరు 'పోనీలే పాపం' అని ముద్ద పడేస్తే, అంతసేపు మొరిగితే దొరుకుతుందని నేర్చుకుంటుంది. గోనెసంచి మీద నిమ్మళంగా పడుకున్నప్పుడే పెట్టండి.

బైకుల సంగతి వేరు, అది చాలావరకు భయం. భయపడేదాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే భయం తగ్గదు. కొడితే బైకు అంటే దెబ్బ అని ముద్రపడుతుంది, కొన్ని కుక్కలైతే దెబ్బలకు గుర్రుమనడం మానేసి ఏ హెచ్చరికా లేకుండా కరుస్తాయి. ఇంకోటి, అది మొరుగుతుంది, బైకు ఎలాగూ వెళ్లిపోతుంది, 'నేనే తరిమాను' అన్నట్టు రోజూ దానికి గెలుపే. అందుకే మిల్లుల రద్దీ టైంలో గేటు దగ్గర కట్టేయకండి, ఇంటి వెనక ఉంచండి.

ఇక కార్జం. ఉడికించిన కోడి కార్జం గోరంత ముక్కలు చేసుకుని, పొద్దు పొడవకముందే, రోడ్డు కాలకముందే బయలుదేరండి. బైకు కనబడినా తిండి తినగలిగేంత దూరంలో నిలబడండి. ముందు బైకు కనబడాలి, వెంటనే ముక్క, బైకు పోగానే ముక్కలు బంద్. గంట మోగగానే తిండి వస్తుండడంతో ఆ గంట చప్పుడుకే కుక్కలకు లాలాజలం ఊరడం పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త చూపించింది ఈ వరసలోనే. దాని మొహం చూస్తుండండి: నోరు టక్కున మూసుకుని, చెవులు ముందుకు వచ్చి, తోక బిగుసుకుందంటే, ముక్క పెట్టినా వాసన చూడట్లేదంటే, మీరు మరీ దగ్గర ఉన్నట్టే, పది అడుగులు వెనక్కి రండి. కొన్ని వారాలు పట్టొచ్చు. చప్పుడుకు నెమ్మదించాక పేరు పిలిచి, మీ వైపు చూడగానే ముక్క ఇవ్వడం మొదలుపెట్టండి. మెడ బిగించే గొలుసు తీసి ఛాతీకి వేసే బెల్టు వాడండి.

ఈ మధ్యనే హఠాత్తుగా మొదలైతే మాత్రం ముందు పశువైద్యుడికి చూపించండి, చెవి నొప్పి ఉన్నా చప్పుళ్లకు ఇలాగే ఎగురుతాయి. అక్కడే రేబిస్ టీకా సంగతి కూడా అడగండి.

కార్జం పెట్టే పని కొన్నాళ్లు బాపుకే అప్పగించండి. కట్టె పట్టిన చేయిని చూసి దూరం జరిగే కుక్క, ముందు ఆ చేతి దగ్గరికే రావాలి.