లెక్క వచ్చు, పెన్సిలే నిలవదు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. సెరిబ్రల్ పాల్సీ వల్ల చేతులు వణుకుతాయి, పెన్సిల్ నిలవదు. నోటి లెక్కలు టకటకా చెప్తాడు, పెద్ద కూడికలు ఇస్తే మాత్రం తప్పులే. ఫోన్‌లో లెక్కల యాప్‌లు వేశాం, ఆడుకుంటాడు అంతే. ఇలాంటి పిల్లలకి మంచి సాఫ్ట్‌వేర్ ఉందా మేడమ్?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు రాసింది చూస్తే బాబుకి లెక్క రాకపోవడం కాదమ్మా, లెక్క వేసుకోడానికి కాగితం లేకపోవడం సమస్య. ఆ యాప్‌లలో చాలావాటికి జవాబు ఒక్కటే కావాలి, మధ్యలో ఏ అంకె ఎక్కడ వేశాడన్నది అక్కర్లేదు. పైగా టైమర్ పెట్టి తరుముతాయి, చేయి వణికే పిల్లాడికి అదో టెన్షన్.

కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరవండి, లేదంటే ఉచితంగా దొరికే లిబ్రాఫీస్ కాల్క్ అయినా సరే. నిలువు వరసలు సన్నం చేసి అంకెలు పెద్దవి చేస్తే గళ్ల నోట్‌బుక్ రెడీ, గడికి ఒక్క అంకె. ఎంటర్ కొడితే మామూలుగా కింది గడికి పోతుంది కదా, సెట్టింగుల్లో దాన్ని ఎడమకి మార్చండి. అప్పుడు 47, 38 కూడేటప్పుడు 7, 8 కలిపితే 15 కదా, ఒకట్ల కింద 5 కొట్టి ఎంటర్ నొక్కగానే కర్సర్ తనంతట తనే పదుల గడిలోకి వెళ్తుంది. జవాబు వరసకి సరిగ్గా పైన ఒక ఖాళీ వరస వదిలి ఉంచితే పై బాణం, 1, కింది బాణం నొక్కితే చాలు, చేతిలో మిగిలిన ఆ ఒకటి దాని చోట కూర్చుంటుంది. ఇక 4, 3, 1 కలిపి 8. తప్పు పోయినా ఎక్కడ పోయిందో మీకు కనిపిస్తుంది.

7 కొట్టబోతే 7777 పడుతోందా? విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి, ఒకే మీట వెంటవెంటనే పడితే అది పట్టించుకోదు, కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే అదే అడుగుతుంది. అంకెలు మాత్రమే ఉండే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా దొరుకుతుంది, అదొకటి కొనండి. పక్క మీటల మీద వేళ్లు పడుతుంటే కీగార్డ్, అంటే ఒక్కో మీట మీద ఒక్కో రంధ్రం ఉన్న పలక, పైన బిగించొచ్చు. పెద్ద తరగతుల్లో జామెట్రీకి జియోజెబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉంది, (2, 3) అని టైప్ చేస్తే బిందువు అదే పెడుతుంది, ఇప్పుడే దాని జోలికి పోకండి.

పరీక్షల సంగతి బడితో ముందే మాట్లాడండి, ప్రభుత్వం ఇచ్చిన వైకల్య సర్టిఫికెట్ (సదరం లాంటిది) జిరాక్స్ జతచేసి కాగితం మీద అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే రాసిపెట్టే మనిషి) రెండూ ఉన్నాయి. కంప్యూటర్ కుదరదని స్క్రైబ్‌నే ఇస్తే, "ఒకట్ల కింద 5, పదుల మీద 1" అని చోటుతో సహా చెప్పడం బాబుకి ఇంట్లోనే అలవాటు చేయండి, ఎందుకంటే స్క్రైబ్ చెప్పింది రాస్తారే తప్ప ఎక్కడ వేయాలో వాళ్లు ఆలోచించకూడదు.