పాత మండువా ఇల్లు ఎప్పుడు కట్టారో ఎలా తెలుస్తుంది?

తాతల నాటి మండువా ఇల్లు, కట్టిన ఏడాది ఎవరికీ తెలీదు, ఎలా కనుక్కోవాలి అనే కదా మీరడిగింది. మాదీ అదే తంతు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇల్లు నూటయాభై ఏళ్లదని మా పెద్దనాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, మేమూ నమ్మేశాం. కిందటేడు వానలకి ముందు పెంకులు దింపిస్తే ఆ లెక్క కాస్తా తేలిపోయింది.

ముందు పెంకు తిరగేసి చూడండి. మావాటి వెనకాల బాసెల్ మిషన్, 1865 అని అచ్చుంది, మా తమ్ముడు ఎగిరి గంతేశాడు, కానీ అది మంగుళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది, తర్వాత చాలా ఏళ్లు అదే ముద్ర కొట్టారు. అసలు మా ఊరికి నౌపడా నుంచి చిన్న రైలు వచ్చిందే 1900లో, అంతకుముందు అంత బరువు ఎడ్లబండి మీద ఎవడు తెప్పిస్తాడు చెప్పండి.

అసలు గుట్టు దస్తావేజులో దొరికింది. ముత్తాత 1911లో కొన్నప్పటిది, తెలుగులోనే ఉంది, గంజాం జిల్లా అని రాసుంది (1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ఏర్పడేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లమే). అందులో "తాటాకు ఇల్లు, నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు" అని ఉంది. అంటే మండువా, దూలాలు, అరుగులు అన్నీ ఆ తర్వాతవే! వెనక వంటిల్లు ఒక్కటే మట్టిగోడ, మూరెడు మందం, అది మాత్రం పాతదే అయ్యుంటుంది. పెద్దనాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదులెండి.

మా మరదలు ఒడియా అమ్మాయి, మండువాని అగణా అంటుంది, అరుగుని పిండా అంటుంది, వాళ్ల పుట్టింట్లోనూ నడిమధ్య ఆకాశం కనపడేలా వాకిలి ఉందట.

ఒక తప్పు మాత్రం చెయ్యకండి. మేం సున్నం గోడల మీద సిమెంటు పూయించాం, లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక రెండేళ్లకే పెళ్లలు పెళ్లలుగా ఊడింది, గీకించి మళ్లీ సున్నమే వేయించాల్సొచ్చింది, మేస్త్రీ దొరకడమే గగనం. ఇంకోటి, నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి కలిసే మూలలున్నాయి చూడండి, నీళ్లు కారేది అక్కడే. అక్కడి రేకు వెంటనే మార్పించండి, మేం నాలుగు వానాకాలాలు గంగాళం పెట్టి నెట్టుకొచ్చాం.