టామీ దగ్గు గురించి మేనకోడలికి

దేవరకొండ,
గురువారం రాత్రి.

బిడ్డా,

పొద్దున ఫోన్లో నీ మాటల్లో సగం ఏడుపే వినిపించింది. మిగతా సగంలో నాకు అర్థమైంది ఇది: హైదరాబాదులో పెళ్లికని టామీని అయిదు రోజులు కుక్కల హాస్టల్లో వదిలారు. ఇంటికి తెచ్చిన మూడో రోజు నుంచి దగ్గు, ముక్కు కారడం, ఒళ్లు వేడి. గిన్నె ముందు పెడితే మూతి తిప్పుకుంటోంది. డాక్టరుగారు చూసి ఫ్లూ కావచ్చన్నారు. నువ్వేమో మీ ఆయన జలుబే దానికి అంటిందని ఆయన మీద కోపంగా ఉన్నావు.

ముందు ఆయన్ని వదిలెయ్యి. కుక్కల ఫ్లూ వంశం వేరు. ఒక రకం గుర్రాల నుంచి కుక్కలకు దిగింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో పందెం కుక్కలు వరసగా దగ్గుతుంటే 2004లో దాన్ని పట్టుకున్నారు. ఇంకో రకం పక్షుల నుంచి వచ్చి, తూర్పు ఆసియాలో కుక్కల్లో పాతుకుని, 2015లో షికాగో చేరింది. ఈ రెండూ మనుషులకు సోకినట్టు ఇంతవరకు దాఖలా లేదు. సోకిన రెండు నుంచి నాలుగు రోజుల్లో దగ్గు మొదలవుతుంది కాబట్టి హాస్టల్ లెక్క సరిపోయింది. పదుల కుక్కలు ఒకే గాలి పీల్చే చోట ఒకటి దగ్గితే చాలు.

అయితే హాస్టల్ దగ్గు ప్రతిదీ ఫ్లూ కాదు. కెన్నెల్ కాఫ్ అనే దగ్గూ ఇలాగే ఉంటుంది. తొలి మూడు నాలుగు రోజుల్లో ముక్కు నుంచి నమూనా తీసి పరీక్షిస్తేనే తేడా తేలుతుంది. టీకా కార్డులో పారాఇన్‌ఫ్లుయెంజా అని ఉందిగా అన్నావు. అది పేరులో చుట్టమే, ఫ్లూ కాదు. ఏటా వేయించే ఆ టీకా ఫ్లూను ఆపదు. కానీ అదే టీకా డిస్టెంపర్ అనే ప్రాణాలు తీసే కుక్కల జబ్బును ఆపుతుంది, మన ప్రాంతంలో నేను ఎక్కువగా భయపడేది దానికే. కళ్లలో చిక్కటి పుసి, పాదాల మెత్తలు గట్టిపడటం, దవడో కాలో దానంతటదే అదరడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పు. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతుకు, పిడుదుల జ్వరంలోనూ కుక్క ఇలాగే నీరసపడుతుంది. చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేక, అరుపు మారితే మాత్రం నోట్లో చెయ్యి పెట్టొద్దు, అది రేబిస్ కావచ్చు. దూరంగా ఉండి డాక్టరును పిలువు.

ఇక అసలు సంగతి. దీన్ని చంపే మందేదీ డాక్టరుగారు ఇవ్వలేదని నీ బాధ. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. వెనకాలే బ్యాక్టీరియా చేరి ముక్కు పచ్చగా కారినా, ఛాతీలోకి దిగినా అప్పుడు ఇస్తారు, ఇస్తే చివరిదాకా వెయ్యి. దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది, పదో రోజున ఇంకా తగ్గలేదని డాక్టర్లను మార్చొద్దు. ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి. పోయేవి న్యుమోనియాతో పోతాయి. అందుకే నువ్వు చూడాల్సింది దగ్గును కాదు, ఊపిరిని.

అది నిద్రపోయాక పక్కన కూర్చో. డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒకటి. గడియారం పెట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. ముప్పై లోపు అయితే సరే. ముప్పై దాటితే అరగంట ఆగి మళ్లీ లెక్కపెట్టు, అప్పుడూ తగ్గకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యి. నలభై దాటినా, మెడ చాచి మోచేతులు ఎడంగా పెట్టి కూర్చున్నా, చిగుళ్లు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం కూడా చూడు. డిజిటల్ థర్మామీటర్‌కు కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టాలి. దానికి 101 నుంచి 102.5 మామూలే, మన 98తో పోల్చి బెంబేలెత్తకు. 104 దాటితే ఆసుపత్రికే.

ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ల, నొప్పి బిళ్ల ముట్టుకోవద్దు. ఇది చెప్పడానికి నాకు సిగ్గే. ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి, నా మోకాలి నొప్పి బిళ్లలో సగం విరిచి మా నల్లకుక్కకు వేశాను. రెండో రాత్రికి తారులా నల్లటి విరేచనం. నాలుగో రోజు దాన్ని చింతచెట్టు కింద పాతిపెట్టాను. మీ అత్త నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కర్పూరం, నొప్పుల బామ్, నీలగిరి తైలం కూడా వద్దు, అది ఒళ్లంతా నాక్కుంటుంది.

తిండి మానేసిందన్నావు. కుక్క ముందు ముక్కుతో తింటుంది, ఆ ముక్కే మూసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డను ముక్కు మీద నిమిషంసేపు ఆనించి, ఎండిన చీమిడి నానాక తుడువు. గీకితే రక్తం వస్తుంది. తర్వాత కోడి ఉడికించిన నీళ్లలో అన్నం పిసికి, వెచ్చగా చేతిలోంచి పెట్టు. ఉప్పు, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి దాని రక్తాన్ని విరిచేస్తాయి. గొంతులో బలవంతంగా పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, ఆవిరి నిండాక పది నిమిషాలు దానితో పాటు కూర్చో. మెడపట్టీ తీసేసి ఛాతీ పట్టీ కట్టు, మెడ నొక్కుకుంటే దగ్గు ఎక్కువవుతుంది.

నాలుగు వారాలు పెద్ద చెరువు కట్ట మీద నడక బంద్. దగ్గు తగ్గినా వైరస్ వదులుతూనే ఉండవచ్చు. గేటు దగ్గర వీధికుక్కలతో ముక్కు ముక్కు కలపనివ్వకు. మీ మేడ మీద పిల్లి ఉందిగా, పక్షుల నుంచి వచ్చిన ఆ రెండో రకం ఫ్లూ పిల్లులకూ వస్తుంది. గిన్నెలు సబ్బుతో కడిగితే చాలు, ఆ వైరస్ సబ్బుకు నిలవదు. లేకుంటే గచ్చు మీద రెండు రోజులు, బట్టల మీద ఒకరోజు ఉంటుంది.

ఆదివారం వస్తానన్నావు, రావద్దు. మా మందకు కాపలా కుక్కలు నాలుగున్నాయి, ఆ చీరతో, ఆ చెప్పులతో నువ్వు వాటి మధ్యకొస్తే గొర్రెలవాళ్లు నన్ను కొడతారు. రాత్రి తొమ్మిదికి ఊపిరి లెక్కపెట్టి ఫోన్ చెయ్యి. ఏడవకుండా అంకె ఒక్కటి చెప్పు.

మీ మామయ్య