నెలలు నిండని పిల్లల కంటి స్కాన్: ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. మా చెల్లెలికి ఏడో నెలలోనే బాబు పుడితే, ఆస్పత్రిలో వాడి కంటికి అల్ట్రాసౌండ్ తీశారు. అది చూసినప్పటి నుంచి తానూ ఆ పనే చేస్తానంటోంది. బీఎస్సీ రేడియాలజీలో చేర్చమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. అల్ట్రాసౌండ్ అనగానే రేడియాలజీ తట్టడం సహజమే. కానీ కంటి ఆస్పత్రుల్లో బి-స్కాన్, అంటే కంటి అల్ట్రాసౌండ్, తీసేది ఎక్కువగా ఆప్టోమెట్రిస్టులు (చూపు పరీక్షించే నిపుణులు), కంటి డాక్టర్లు. మీ అమ్మాయి మనసు చంటిపిల్లల కళ్ల మీద ఉంటే బి.ఆప్టోమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) సరైన దారి.

అయితే ఆ పని ఎలా ఉంటుందో ఆమెకు ముందే తెలియాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెటీనా (కంటి లోపల వెనకుండే తెర) రక్తనాళాలు పూర్తిగా ఎదగవు. పుట్టాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే వచ్చే జబ్బు ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ). పట్టించుకోకపోతే చూపే పోతుంది. అందుకే మన దేశంలో 34 వారాలలోపు పుట్టినా, బరువు 2 కిలోల కన్నా తక్కువున్నా 30 రోజులు నిండేలోగా కళ్లు చూపించాలంటారు. 28 వారాలలోపు పుడితే రెండు మూడు వారాలకే. ఆ పరీక్షకు అల్ట్రాసౌండ్ వాడరు. చుక్కలు వేసి, డాక్టరు ఇన్‌డైరెక్ట్ ఆప్తాల్మోస్కోపుతో (కంటి లోపలి భాగాన్ని చూసే పరికరం) చూస్తారు, లేదా రెట్‌క్యామ్ వంటి కెమెరాతో ఫొటోలు తీయిస్తారు. పుట్టు శుక్లమో, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద మచ్చో, లోపల రక్తస్రావమో అడ్డొచ్చి రెటీనా కనబడనప్పుడే బి-స్కాన్ అవసరం. జెల్ రాసి, మూసిన రెప్ప మీద ప్రోబు ఆనించి, రెటీనా ఊడిందా, గడ్డేమైనా ఉందా అని చూస్తారు. రేడియేషన్ ఉండదు. కానీ నెలలు నిండి పుట్టిన బిడ్డ కనుగుడ్డే సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దలది 24. ఏడో నెల బిడ్డది ఇంకా చిన్నది. ఏడుస్తున్న ఆ పసివాడి ఊపిరి గమనించుకుంటూ, నొక్కకుండా చెయ్యి నిలపాలి. ఆ ఓర్పు ఉందో లేదో మీ అమ్మాయే చెప్పాలి.

నాకు ఈ రంగం మీద గట్టి నమ్మకం ఉంది. కర్ణాటకలో 2008లో మొదలైన కిడ్‌రాప్ కార్యక్రమంలో శిక్షణ పొందిన టెక్నీషియన్లు జిల్లాల్లోని నవజాత శిశు విభాగాలకు వెళ్లి ఫొటోలు తీస్తే, దూరాన ఉన్న డాక్టర్లు చూసి సలహా ఇస్తారు. అలాంటి చేతులు మన జిల్లాలకూ కావాలి.

ఒక్కటి మాత్రం దాచను. ఆర్‌ఓపీకి లేజర్, ఇంజెక్షన్ వైద్యం డాక్టర్లే చేస్తారు. వైద్యం కూడా తానే చేయాలనుకుంటే నీట్ రాసి ఎంబీబీఎస్, తర్వాత కంటి ఎంఎస్, ఆపైన రెటీనా ఫెలోషిప్ చదవాలి. పదేళ్ల పైమాటే. ఇది ఇప్పుడే మాట్లాడుకోండి.

హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థలో, చెన్నైలో శంకర నేత్రాలయకు చెందిన ఎలైట్ స్కూల్‌లో ఆప్టోమెట్రీ చదువు ఉంది. రెండేళ్ల డిప్లొమాకు ఖర్చు తక్కువే గానీ, ఆమె కోరుకున్న పనికి అది చాలదనే నా అభిప్రాయం. ఏ కాలేజీకి వెళ్లినా ఇంటర్న్‌షిప్‌లో పిల్లల కంటి విభాగంలో ఎన్ని వారాలు పంపిస్తారో, బి-స్కాన్ విద్యార్థి చేత చేయిస్తారో లేదో అడగండి. సూటిగా చెప్పకపోతే అక్కడ ఫీజు కట్టకండి.